వానలో సగం

ఆ వీధిలో ఎవరినైనా సెంట్రింగ్ పిన్ని షాపు ఎక్కడని అడిగితే చెయ్యి చూపించరు, చెవి పెట్టి వినమంటారు. ఇనుప రేకులు ఒకదాని మీద ఒకటి పడుతున్న మోత, ఆ మోతను కూడా అణగదొక్కే ఒక ఆడ గొంతు, ఈ రెండూ ఎక్కణ్ణుంచి వస్తుంటే అదే షాపు. పిన్ని అసలు పేరు ఆమె మొగుడికైనా గుర్తుందో లేదో అనుమానమే. మేస్త్రులు పిన్ని అన్నారు, మేస్త్రుల పెళ్ళాలు పిన్ని అన్నారు, చివరికి ఆమెకంటే పదేళ్ళు పెద్దవాడైన ఒక సైటు వాచ్‌మన్ కూడా ఒకసారి నోరు జారి పిన్ని అని నాలుక కరుచుకున్నాడు.

స్లాబు వెయ్యాలంటే దాని కింద ముందుగా ఒక తాత్కాలికపు కప్పు కావాలి కదా. రేకులు పరిచి, వాటి కింద జాకీలు నిలబెట్టి, పైన కాంక్రీటు పోసి, అది గట్టిపడేదాకా మోయించాలి. ఆ రేకులూ జాకీలూ అద్దెకిచ్చే వ్యాపారం పిన్నిది. పని అయ్యాక ఇల్లు ఇంటివాళ్ళకి మిగులుతుంది, సిమెంటు మరకలు పిన్నికి మిగులుతాయి. ఊళ్ళో సగం కప్పులు పసితనంలో తన రేకుల మీద పడుకున్నవేనని ఆమె గొప్పగా చెప్పుకుంటుంది. అందులో కొంత కోత ఉంది, కానీ పిన్ని ఎదురుగా ఆ మాట అనేంత ధైర్యం నాకు లేదు.

మొగుడు దర్జీ. చొక్కాలు కుట్టడం ఎప్పుడో మానేసి, షాపు ముందుగదిలో పెద్ద మిషను పెట్టుకుని, సైట్లలో కప్పే ప్లాస్టిక్ పట్టాలు కుడుతుంటాడు. ఆయన మాట్లాడేది తక్కువ, కుట్టేది ఎక్కువ. పిన్నితో కాపురం చెయ్యాలంటే ఎవరికైనా అదే దారి.

పిన్ని వ్యాపారంలో లోకం నవ్వుకునే సంగతి ఒకటుంది. రేకులకి అద్దె రోజుల లెక్కన కడతారు. వానొచ్చి పని ఆగిపోయిన రోజు అద్దె ఎవరి నెత్తిన పడాలి? మేస్త్రి నెత్తినే అని మిగతా షాపులన్నీ ఒక్క గొంతుతో చెబుతాయి. రేకులు నీ దగ్గరే ఉన్నాయిగా, కట్టు అంటాయి. పిన్ని మాత్రం సగమే తీసుకుంటుంది. ఎందుకంటే ఆమె తండ్రి మేస్త్రి. ఒక ఏడాది ముసురు పట్టి వదలకపోతే, పోయని స్లాబు కోసం తెచ్చిన రేకులకి అద్దె కట్టీ కట్టీ ఆయన చితికిపోయాడు. అద్దె షాపు యజమాని మాత్రం పొడి నేల మీద కుర్చీ వేసుకుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. వానంతా మా నాన్న మీద పడింది, వాడి మీద ఒక్క చుక్క పడలేదు అని పిన్ని ఇప్పటికీ చెబుతుంది. తన సొంత షాపు తెరిచిన రోజునే "వానలో సగం నాది" అని ప్రకటించింది. పిన్ని వానకి కూడా వాటాలేసిందని బజారంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

అయితే ఏది వాన? నాలుగు చినుకులు పడగానే తుఫానంటారు మేస్త్రులు. తెలివిమీరినవాడు ఒకడు ఆకాశం మబ్బేసినందుకే సగం కట్టి పోబోయాడు. ఈ పేచీలు పడలేక పిన్ని ఒక కొలత కనిపెట్టింది. ఖాళీ రంగు డబ్బా ఒకటి తీసుకుని, సైటులో పైన ఏ అడ్డూ లేని చోట పెట్టాలి. సాయంత్రం డ్యూటీకి రాగానే వాచ్‌మన్ అందులో చూపుడువేలు ముంచాలి. మొదటి కణుపు తడిస్తే వాన రోజు, తడవకపోతే ఎండ రోజు. వేలు తుడుచుకుని డబ్బా బోర్లించి, మళ్ళీ నిలబెట్టాలి. అటు షాపుకీ ఇటు మేస్త్రికీ ఏమీ కాని మనిషి కాబట్టి వాచ్‌మన్ మాటే ఆఖరి మాట.

ఇలా ఏళ్ళ తరబడి సాగింది. ఆ తర్వాత కూతురు షాపులోకి వచ్చింది.

కూతురు కామర్స్ చదువుకుని, ఒక ఆడిట్ ఆఫీసులో కొన్నాళ్ళు పనిచేసి, ఇంకొకళ్ళ లెక్కలు చూసి చూసి విసుగొచ్చి, సొంత షాపు చూసుకుంటానని వచ్చేసింది. తల్లి గొంతు రాలేదు గానీ తల్లి మొండితనం వడ్డీతో సహా వచ్చింది. రాగానే కంప్యూటర్ పెట్టింది. జాకీలన్నిటికీ నంబర్లు వేయించింది. పిన్ని అన్నిటికీ మురిసిపోయింది. ఒకరోజు కూతురు కంప్యూటర్ మీంచి తలెత్తి, "అమ్మా, నువ్వు నడిపేది షాపా, వర్షాల శాఖా?" అని అడిగేదాకా ఆ మురిపెం సాగింది.

"ఏమయిందే?"

"ఈ వానలో సగం ఏమిటమ్మా? నష్టంలో వాటా తీసుకుంటున్నావు, సరే. మరి మేస్త్రి పని ముందే ముగించి రేకులు త్వరగా తిరిగిచ్చేస్తే వచ్చే లాభంలో వాటా ఏదీ? అతనికీ ఇవ్వవు, నువ్వూ అడగవు. ఇది ఒంటికాలి బేరం."

"లాభం సంగతి నాకు తెలీదు. వాన సంగతి తెలుసు," అంది పిన్ని.

"వాన సంగతి కప్పలకి కూడా తెలుసు."

దర్జీ మిషను కాసేపు ఆగి, మళ్ళీ కదిలింది. ఆ ఇంట్లో దాన్నే ఆయన అభిప్రాయం కింద లెక్క వేసుకోవాలి.

వాదన చాలా రోజులు నలిగింది. చివరికి తల్లీకూతుళ్ళు ఒక ఒప్పందానికి వచ్చారు. అప్పుడే పళ్ళ డాక్టరు గారి మేడ మీద పై అంతస్తు పని మొదలవుతోంది. సామానంతా పిన్ని షాపు నుంచే వెళుతోంది. ఆ పని ముగిసేసరికి సగం వాన వల్ల షాపు నష్టపోతే ఆ పద్ధతికి నీళ్ళు వదిలేయాలి. నష్టపోకపోతే కూతురు ఇక నోరెత్తకూడదు. పిన్ని లోలోపల నవ్వుకుంటూ తల ఊపింది. అది మండువేసవి. కాకులు కూడా నీడ వదిలి ఎగరడం లేదు. వానెక్కణ్ణుంచి వస్తుంది? ఉన్నమాట చెప్పాలంటే, అంత సులువుగా గెలవబోతున్నందుకు ఆమెకి కొంచెం సిగ్గుగా కూడా అనిపించింది.

రెండు వారాలు పోయాక డాక్టరు గారి సైటు వాచ్‌మన్ లెక్క చెప్పడానికి షాపుకొచ్చాడు. కత్తి మెడ మీద పెట్టినా అబద్ధం చెప్పని మనిషి. కూతురు టీ తెప్పించింది. ఆయన దాన్ని చల్లార్చుకుని, తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు చెప్పాడు.

"వాన రోజులమ్మా... అన్నీ."

"అన్నీ అంటే?"

"అన్ని రోజులూ వానే. ఆదివారాలు మాత్రం పడలేదు. దేవుడికి కూడా సెలవేమో మరి."

కూతురు తల్లి వైపు చూసింది. పిన్ని వీధి వైపు చూసింది. వీధిలో తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది.

"తాతా, వాన నువ్వు చూశావా?" అని పిన్ని అడిగింది.

"పగలు నేను నిద్రపోతాను కదమ్మా. సాయంత్రం వెళ్ళేసరికి గోడలన్నీ తడితడిగా ఉంటాయి, కింద బురద ఉంటుంది, డబ్బాలో నీళ్ళుంటాయి. వేలు పెడతాను. ఒక్కోరోజు రెండో కణుపు కూడా తడుస్తోంది."

ఆయన వెళ్ళగానే కూతురు లేచి నిలబడింది. "చూశావా? పొడుగు మేస్త్రి డబ్బాలో నీళ్ళు పోయిస్తున్నాడు. ఎండాకాలంలో దొరకని వానని పాపం తయారు చేసుకుంటున్నాడు. నీ పద్ధతి దొంగలకి తాళంచెవి ఇవ్వడమేనమ్మా!"

పిన్నికి ఎవరో గుండె కింద జాకీ పెట్టి బిగిస్తున్నట్టుగా ఉంది. పొడుగు మేస్త్రిని ఆమె తాపీ పట్టడం రాని రోజుల నుంచి ఎరుగును. ఎంత పొడుగంటే, సెంట్రింగ్ కింద నడిచేటప్పుడు ఎప్పుడూ నడుం వంచే ఉంటాడు, బయటికొచ్చాక కూడా నిటారుగా నిలబడటం మరిచిపోతాడు. అతను దొంగ అయితే ఇక తన పద్ధతి ఎందుకు, తన షాపు ఎందుకు అనిపించింది. నష్టం రావడం వేరు, నమ్మినవాడు ముంచడం వేరు.

"పద, సైటుకెళదాం," అంది.

వాళ్ళు వెళ్ళేసరికి పని జోరుగా సాగుతోంది. మొదటి అంతస్తు మీద కొత్త గోడలు లేచాయి. స్తంభాల చుట్టూ గోనెపట్టాలు చుట్టి ఉన్నాయి. రెండో స్లాబు కోసం రేకులు ఒక పక్క నుంచి పరుస్తున్నారు. పొడుగు మేస్త్రి నడుం వంచుకునే ఎదురొచ్చాడు.

"రా పిన్నీ! ఏంటి, చెల్లెమ్మ కూడా వచ్చింది?"

"వాన ఎలా పడుతోందో చూసిపోదామని వచ్చాం అన్నా," అంది కూతురు. ఆ గొంతులో ఇసుక కరకరలాడింది.

"వానా?" మేస్త్రి ఆకాశం చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. తర్వాత పిన్ని వైపు తిరిగి, చెల్లెమ్మకి ఎండ దెబ్బ తగిలిందేమో నీడకి తీసుకెళ్ళమని సైగ చేశాడు.

"వాచ్‌మన్ అన్ని రోజులూ వానే అన్నాడయ్యా," అంది పిన్ని.

"వానా? నా సైటులోనా? మా ఇంట్లో బిందె నీళ్ళకి కొట్టుకు చస్తున్నాం పిన్నీ!"

వీళ్ళిలా వాదులాడుకుంటుండగా, గోడలకి నీళ్ళు కొట్టే ఆవిడ పైపు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. కొత్త గోడలు ఎండకి పగలకుండా, సిమెంటు గట్టిపడేలా రోజూ తడపాలి కదా, ఆవిడ పనే అది. వేలితో పైపు మూతి నొక్కి స్తంభం మీదికి నీళ్ళు కొట్టింది. స్తంభం మీద పడ్డ నీళ్ళు తుళ్ళి, స్తంభం మొదట్లో నిలబెట్టిన రంగు డబ్బాలో టపటపమని పడసాగాయి.

ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆవిడ రెండో స్తంభం తడిపింది. డబ్బాలో ఇంకో నాలుగు చుక్కలు పడ్డాయి.

"అమ్మాయ్," అంది పిన్ని నెమ్మదిగా, "ఆదివారాలు పనికొస్తావా నువ్వు?"

"ఎందుకొస్తానండీ, సెలవు కదా!"

ముందు నవ్వింది కూతురే. మామూలుగా నవ్వలేదు, ఇటుకల కుప్ప మీద కూలబడి, కళ్ళు తుడుచుకుంటూ, ఊపిరాడక నవ్వింది. పొడుగు మేస్త్రికి సంగతి కొంచెం ఆలస్యంగా తలకెక్కింది. ఎక్కాక అతను జీవితంలో మొదటిసారి నిటారుగా లేచాడేమో, తల రేకుకి కొట్టుకుంది. నీళ్ళావిడకి ఏమీ అర్థం కాలేదు గానీ అందరూ నవ్వుతున్నారని ఆవిడా నవ్వింది. పైపు పక్కకి తిరిగి పిన్ని తడిసిపోయింది. "ఇదిగో, ఇవాళ కూడా వానే!" అని పిన్ని అరిచేసరికి పై అంతస్తులో రేకులు పరిచేవాళ్ళు కూడా పని ఆపి తొంగి చూశారు.

సాయంత్రం వాచ్‌మన్‌ని అడిగితే ఆయన చెక్కు చెదరలేదు. "డబ్బాలో నీళ్ళుంటే వాన అన్నారు. ఆకాశంలోంచి పడ్డాయో పైపులోంచి పడ్డాయో చూడమని నాకెవరు చెప్పారు?" అన్నాడు. న్యాయమే మరి. డబ్బాని పక్కింటివాళ్ళ డాబా మీదికి మార్చారు. మేస్త్రి అద్దె పూర్తిగా కడతానన్నాడు. కూతురు కూడా అతనికి క్షమాపణ చెప్పుకుంది, మొహం కందగడ్డ చేసుకుని మరీ.

అయినా తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "నవ్వుకున్నాం సరే, మాట మాటేనమ్మా. పైపు నీళ్ళకే బోర్లాపడ్డ పద్ధతి నిజం వానకి ఆగుతుందా? పని ఇంకా అయిపోలేదుగా," అంది. పిన్నికి కోపం రాలేదు. మనసు దూదిలా తేలిపోతోంది. మేస్త్రి దొంగ కాదు, అంతే చాలు.

వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికెరుక అని ఊరికే అనలేదు. రెండో స్లాబు పోసే రోజు పొద్దున ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. మిషను గడగడలాడుతూ కాంక్రీటు కలుపుతోంది. కూలీలు వరసగా నిలబడి తట్టలు అందించుకుంటున్నారు. మధ్యాహ్నం దాటాక, పని ఇంకాస్తలో ముగుస్తుందనగా, ఊరి చివర నల్లటి మబ్బొకటి లేచింది.

షాపులోంచి ఆ మబ్బును ముందు చూసింది పిన్ని. కూతురు మాత్రం కంప్యూటర్ ముందు కదలకుండా కూర్చుని ఏదో లెక్క వేస్తోంది. పచ్చి స్లాబు మీద వాన పడితే సిమెంటు కొట్టుకుపోతుంది, పగలగొట్టి మళ్ళీ పోయాలి. పగలగొట్టడానికి రోజులు, శుభ్రం చెయ్యడానికి రోజులు, మళ్ళీ పోసి ఆరబెట్టడానికి రోజులు. వాన వల్ల జరిగే నష్టం కాబట్టి ఆ రోజులన్నీ వాన రోజుల కిందే లెక్క.

"అమ్మా!" అని కూతురు కుర్చీ వెనక్కి పడేట్టు లేచింది. "ఆ స్లాబు పోతే అందులో సగం మనదేనే!"

"నేనేమన్నా? ఇన్నాళ్ళూ అదేగా మొత్తుకుంటున్నా!"

"మరి చూస్తూ నిలబడ్డావేంటి? పట్టాలు తియ్యి!"

అప్పుడు ఆ ఇంట్లో ఎన్నడూ జరగని పని జరిగింది. దర్జీ మిషను వదిలి లేచాడు. వేరే ఎవరికో కుట్టి పెట్టిన కొత్త పట్టాల మూటలు చూపించి, "అవి కూడా వెయ్యండి," అన్నాడు. ముగ్గురూ సామాను బండి ఎక్కి కూర్చున్నారు. దారిలోనే మొదటి చినుకులు అద్దం మీద పడ్డాయి, ఒక్కొక్కటీ రూపాయి బిళ్ళంత.

సైటులో మేస్త్రి తలకాయ పట్టుకుని ఉన్నాడు. అతని దగ్గరున్న పట్టాలు సగం స్లాబుకి కూడా చాలవు. బండి ఆగేలోపే పిన్ని గొంతు పై అంతస్తు దాకా వెళ్ళింది. మూటలు విప్పారు, పైకి లాగారు. గాలి పట్టాలని ఎగరేసుకుపోతోంది. ఒకళ్ళు ఒక మూల పట్టుకుంటే ఇంకో మూల లేస్తోంది. మాటంటే మొహం తిప్పుకునే దర్జీ గోడ ఎక్కి నిలబడి, "ఎర్ర దారం కుట్టిన మూల పైకి రావాలి! అది కాదు, ఎర్రది, ఎర్రది! లాగు, లాగమంటున్నానా!" అని సేనాపతిలా కేకలు పెట్టాడు. తాడు కట్టే ఉంగరం ఏ మూలలో కుట్టాడో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. పాతికేళ్ళు దాచుకున్న మాటలన్నీ ఆ ఒక్క మధ్యాహ్నం ఖర్చు పెట్టేశాడు.

వాన కుండలతో కుమ్మరించింది. కట్టడానికి తాళ్ళు చాలక, అంచుల మీద మనుషులే బరువులుగా నిలబడ్డారు. కూలీలు, మేస్త్రి, నీళ్ళావిడ, పిన్ని. ఒక చివర మూలలో కూతురు కొత్త చెప్పులతో సహా పట్టాని తొక్కి పట్టి, రెండు చేతులతో ఇంకో అంచు గుంజుతోంది. పక్కనున్న కూలీ పట్టా మీద నిలిచిన నీళ్ళని కర్రతో కిందినుంచి ఎత్తితే అవన్నీ వచ్చి ఆమె నెత్తి మీదే పడ్డాయి. "అయ్యో!" అన్నాడతను. "పర్లేదన్నా, సగమే నాది!" అని ఆమె పళ్ళు కొట్టుకుంటుండగా నవ్వింది. ఆ వరసంతా నవ్వింది. వాన వెలిసేదాకా ఒక్కరూ కాలు తియ్యలేదు.

పట్టాలు ఎత్తి చూస్తే స్లాబు చెక్కుచెదరలేదు. ఒక అంచున మాత్రం కాస్త చెరిగింది, మేస్త్రి తాపీతో అప్పుడే సరిచేశాడు. చేస్తూ చేస్తూ, "నేను చాలా షాపుల్లో సామాను తెచ్చాను పిన్నీ. వానలో షాపువాళ్ళు సైటుకి రావడం ఇప్పుడే చూశాను," అన్నాడు. పిన్ని ఏదో అనబోయింది గానీ గొంతు పూడుకుపోయింది. ఆ మనిషి గొంతు పూడుకుపోవడం చూసిన సాక్షులు ఇప్పటికీ ఉన్నారు. సాయంత్రం వాచ్‌మన్ పక్కింటి డాబా ఎక్కి డబ్బాలో వేలు ముంచి, తీసి, ఈసారి నాలుక మీద కూడా పెట్టుకుని చూసి, "ఇది నిజం వానే," అని ఖాయం చేశాడు.

పని అయిపోయింది. లెక్క చూస్తే షాపుకి పోయింది ఒక్క వాన రోజు అద్దెలో సగం. అది నష్టమే అని కూతురు అనొచ్చు, ఒప్పందం ప్రకారం ఆమెదే గెలుపు. పిన్ని ఆ మాట కోసం రోజూ ఎదురుచూసింది. కూతురు జలుబుతో తుమ్ముతోంది తప్ప ఆ ఊసెత్తలేదు. ఎత్తకపోవడం పిన్నిని ఇంకా భయపెట్టింది.

అలాంటి రోజుల్లో కారు వేసుకుని ఒక పెద్ద కాంట్రాక్టరు వచ్చాడు. పిన్ని లోపలి గదిలో భోజనానికి కూర్చుంది. ముందుగదిలో మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"మీ సామాను మొత్తం నేనే తీసుకుంటానమ్మా, ఏడాది పాటు," అన్నాడాయన. "ఒక్కటే షరతు. వాన పడిన రోజు అద్దె అసలు ఉండకూడదు. మీకెలాగూ వాన అంటే ఇష్టమట కదా, మొత్తం మీరే ఉంచుకోండి."

పిన్ని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏడాది పాటు షాపు ఖాళీగా ఉండదు. కంప్యూటర్ ఏమంటుందో ఆమెకి తెలుసు. సరే అంటుంది. కేక వేసి ఆపుదామా అనుకుంది. గొంతు ఉంది, హక్కూ ఉంది. కానీ షాపు చూసుకోమని కూతురికి అప్పజెప్పాక మధ్యలో లాక్కోవడం ఏం పద్ధతి అని ఊరుకుంది.

"వాన మొదలైతే మీ మనుషులు ఏం చేస్తారండీ?" అని అడిగింది కూతురు.

"ఏం చేస్తారు? టీ తాగుతారు."

"పట్టాలు కప్పరా?"

"అద్దె లేనప్పుడు తొందరేముందమ్మా?"

"అదేనండీ నా భయం. వాన మొత్తం మేస్త్రిదైతే షాపువాళ్ళు కదలరు, మొత్తం షాపుదైతే మీరు కదలరు. సగం మీది, సగం నాది అంటేనే ఇద్దరం పరిగెత్తుకొస్తాం. నేను పరిగెత్తి చూశాను, కొత్త చెప్పులు పోయాయి," అని కూతురు తుమ్మింది. "ఇంకో మాట. పని ముందే ముగించి నా రేకులు త్వరగా తిరిగిచ్చారనుకోండి, వాటిని ఇంకొకళ్ళకి ఇచ్చుకుంటాను. ఆ లాభంలోనూ మీకు సగం ఇస్తాను. ఈ రెండు సగాలూ కలిపితేనే బేరం. ఒక్క సగం అమ్మను."

"వానని నా మీదికే తోస్తున్నారే!"

"సగమే తోశానండీ. మిగతా సగం కింద నేను నిలబడతాను."

ముందుగదిలో దర్జీ మిషను ఆగిపోయింది. తర్వాత కాంట్రాక్టరు పకపకా నవ్వి, మొత్తం సామాను వద్దనీ, ముందు మూడో వంతు తీసుకుని చూస్తాననీ అన్నాడు. మూడో వంతుకైనా ఇవే షరతులని కూతురు అంది. అలాగేనన్నాడు. మిషను మళ్ళీ కదిలింది.

పిన్ని ముద్ద నోట్లో పెట్టుకుంది. సంతోషం ఎంత పొంగిందంటే రుచి తెలియలేదు, ఏం తింటోందో కూడా చూసుకోలేదు. పళ్ళెం కడిగి పెట్టింది. రేకులు లెక్కపెట్టించే చప్పుడు బయట మొదలైంది. కూతురు ఎవరినో గదమాయిస్తోంది, ఆ గొంతు వీధి చివరిదాకా వినిపించే ఉంటుంది. మామూలుగా అయితే పిన్ని ఆ చప్పుడుకి పరిగెత్తుకెళ్ళేది. ఆ రోజు చాప పరుచుకుంది, తలుపు దగ్గరగా వేసింది, షాపు తెరిచాక మొదటిసారి పట్టపగలు గుర్రు పెట్టి నిద్రపోయింది.